పాటల డబ్బాలో మెట్లు

ఆ ఇంట్లో పెద్దకోడలి గొంతు పైకి లేవగా విన్నవాళ్ళు లేరు. కాపరానికి వచ్చిన కొత్తలో అత్తగారు, "ఏంటమ్మా ఆ మాట, చీమకి చెబుతున్నావా నాకు చెబుతున్నావా" అని నవ్వేది. మొగుడు నవ్వేవాడు కాదు, విసుక్కునేవాడు. "నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడకు. చెప్పేదేదో తిన్నగా చెప్పు." ఆమె తిన్నగానే చెప్పేది. మళ్ళీ చెప్పేది. ఆ తర్వాత ఆమెకే సిగ్గేసి ఊరుకునేది. ఊరుకుని ఊరుకుని, పెద్దకోడలు మూగదానికింద జమ అని చుట్టాల్లో పేరు పడిపోయింది.

ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. మూడో అంతస్తులో రెండు గదులు, ఓ వంటిల్లు. వంటింటి కిటికీ తీస్తే పక్క మేడ గోడ. చెయ్యి చాచితే మోచేతి వరకే పట్టేంత సందు. పగలు కూడా లైటు వేసుకునే కూర తరగాలి. ఆ గోడమీద పెచ్చులూడిన చోట ఒకప్పుడు గుర్రం బొమ్మలా కనిపించేది. వానలకి ఇంకా ఊడి ఊడి, ఇప్పుడది ఏ జంతువో చెప్పలేం. ఆమె దానివైపు చూస్తూనే ఇన్నేళ్ళూ వండింది.

మొగుడు డబ్బా మూతల కార్ఖానాలో ప్రెస్సు మీద పనిచేసేవాడు. ఇంట్లో అందరూ అతన్ని పెద్దాడు అనేవాళ్ళు. రేకు లోపలికి తోస్తుంటే పైనించి అచ్చు దిగి, గుండ్రంగా మూతలు కొట్టి పడేస్తుంది. ప్రెస్సు అతని ఎడంపక్కన, చెంపకి ఆనుకున్నంత దగ్గర. పొద్దున నించుంటే షిఫ్టు దిగేవరకూ ఆ మోత కిందే. తాగుడు లేదు, పేకాట లేదు, ఒకటే పిచ్చి. పాటలు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదిగా ఓ పాటల డబ్బా కొనుక్కున్నాడు. ఫోను కాదు, అచ్చంగా పాటలకని పుట్టింది. బస్సెక్కగానే వైర్లు చెవుల్లో పెట్టుకుని, మెట్లెక్కి ఇంట్లోకి వచ్చాకే తీసేవాడు. డబ్బాలో యాప్‌లు మార్చి మార్చి, అదేదో తిప్పి ఇదేదో నొక్కి, "అబ్బ, ఇప్పుడు బాగుంది" అని తనలో తాను అనుకునేవాడు. ఆమెకి ఒక్కసారీ వినిపించలేదు. ఆమె అడగనూ లేదు.

ఒకరోజు కార్ఖానా ముందు రోడ్డు దాటుతుంటే ఎడంపక్కనించి లారీ వచ్చింది. పెద్దాడు పోయాడు.

లారీ డ్రైవరు లబోదిబోమన్నాడు. "హారన్ కొట్టానండీ. విన్నాడు కూడా. విని అటువైపు తిరిగి చూశాడు. నేను ఇటుంటే అటు చూశాడండీ." ఎవరూ నమ్మలేదు. పాటలు వింటూ దాటాడనే అందరూ తేల్చేశారు. అత్తగారైతే వచ్చినవాళ్ళందరి దగ్గరా అదే ఏడుపు. "ఆ పాటల డబ్బానే నా కొడుకుని మింగేసింది."

కానీ అతని సంచీ పెద్దకోడలి చేతికే వచ్చింది. క్యారియరు కింద, మడతపెట్టిన తువ్వాల్లో, వైర్లు చుట్టి పెట్టిన పాటల డబ్బా ఉంది. వైర్లకి వేసిన ముడి వేసినట్టే ఉంది. ఆ రోజు అతని చెవుల్లో పాటలు లేవు. ఆ మాట అత్తగారితో చెప్పింది. ఏడుస్తున్న మనిషి వినలేదు. ఇంకో రోజు మళ్ళీ చెప్పింది. "ఏంటో గొణుగుతావు" అంది అత్తగారు. అంతే, ఊరుకుంది. డబ్బాని తీసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది.

పెద్దాడి తమ్ముణ్ణి ఇంట్లో చిన్నాడంటారు. అప్పటికి అదే కార్ఖానాలో ప్యాకింగులో ఉండేవాడు. అత్తగారు కార్ఖానా గేటు దగ్గరికి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని, పెద్దాడి పని చిన్నాడికి ఇమ్మని బతిమాలింది. వాళ్ళూ జాలిపడి ఇచ్చారు. అన్న నించున్నచోటే తమ్ముడు నించున్నాడు.

పెద్దకోడలిని పుట్టింటివాళ్ళు రమ్మన్నారు, అంత గట్టిగా ఏం కాదు. అత్తగారు, "ఎక్కడికెళ్తుంది, నా పిల్లే అది" అంది. అది ప్రేమే. కాదనడానికి లేదు. తలుపు దగ్గరికేసినట్టు మాత్రం అయింది.

ఓ మధ్యాహ్నం, అత్తగారు కునుకు తీస్తుంటే, ఆమె ఆ డబ్బా తీసి ఛార్జింగు పెట్టింది. వైర్లు చెవుల్లో పెట్టుకుని ఏదో పాట నొక్కింది. నొక్కీ నొక్కగానే పీకి అవతల పారేసింది. పళ్ళెం మీద గోరు గీకినట్టుంది. అందులోనూ ఎడమ చెవిలో మరీ. పాడే మనిషి పాడుతున్నట్టు లేదు, పళ్ళు నూరుతున్నట్టుంది.

సాయంత్రం చిన్నాడికి చూపించింది. "పాడైపోయినట్టుంది."

చిన్నాడు విని మొహం అదోలా పెట్టాడు. "ఓయమ్మో. డబ్బా బానే ఉంది వదినా. పాట వినే యాప్‌లో అన్న చేసిన పని ఇది. చూడు." తెరమీద నిలువుగా గీతలు వరసగా ఉన్నాయి, ఒక్కో గీతమీద ఒక్కో బొత్తం. ఎడమకొసన ఉన్నవి కిందనే ఉన్నాయి. కుడికి వెళ్ళేకొద్దీ ఒకదానికన్నా ఒకటి పైకెక్కి, చివరివి నెత్తికి తగిలాయి. అచ్చం మేడమెట్లలా. "ఈ కొసన లావు మోత, ఆ కొసన సన్న కీచు. అన్న కీచంతా పైకెత్తేశాడు. పైగా ఎడమవైపు ఎక్కువ పెట్టాడు. ఇలా అయితే ఎంత మంచి పాటైనా రేకు డబ్బా కొట్టినట్టే ఉంటుంది."

"మరి ఆయన ఎలా విన్నాడు?"

"రోజంతా రేకులే కదా, పాటలో కూడా రేకులు వినపడాలేమో."

ఇద్దరూ నవ్వారు. పెద్దాడు పోయాక ఆ ఇంట్లో నవ్వడం అదే మొదలు.

చిన్నాడు ఒకే పాటని యాప్ మార్చి మార్చి వినిపించాడు. డబ్బాతో వచ్చినది పాటని ఉన్నదున్నట్టు పెట్టేది. ఇంకొకటి అన్ని పాటల్నీ ఒకే ఎత్తుకి లాగేది. అందులో గుసగుసా గొంతు చించుకున్నట్టే, అరుపూ గొంతు చించుకున్నట్టే. మూడోది వాడి ఫోన్లో ఉన్నదే, డబ్బాలోకీ ఎక్కించాడు. గీతలన్నీ ఒకే వరసలో, చదునుగా ఉంచాడు. "ఇదీ పాటంటే." అదే డబ్బా, అదే పాట. యాప్ మారితే మనిషే మారినట్టు మారిపోయింది. ఆమెకి ఆశ్చర్యమేసింది.

"ఆయన పెట్టింది తీసెయ్యకు," అంది.

"తియ్యనులే. అన్న యాప్ అన్నదే, నా యాప్ నాదే."

అలా ఆ డబ్బా చిన్నాడి జేబులోకి వెళ్ళింది. రోజూ సాయంత్రం వంటింటి అరమీద ఛార్జింగుకి మాత్రం వచ్చేది, ఆ ఇంట్లో ఖాళీగా ఉండే ప్లగ్గు అదొక్కటే. ఎప్పుడైనా ఆమె మొగుడి యాప్ తీసి ఓ పాట పెట్టేది. నిమిషం కూడా భరించలేకపోయేది. ఇన్నేళ్ళు కాపరం చేసిన మనిషి చెవిలో ఇంత గోల ఎలా ఉండేదో, ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు.

పెద్దాడు పోయిన మూడో ఏడు నడుస్తుండగా అత్తగారికి చెవులు మందగించాయి. ఆసుపత్రికి పెద్దకోడలే తీసుకెళ్ళింది. చెవుల పరీక్ష చేసే అమ్మాయి అత్తగారిని అద్దాల గదిలో కూచోబెట్టి, సన్న శబ్దాలూ లావు శబ్దాలూ వినిపించి, చెవిమిషను ఇచ్చింది. ఇచ్చేముందు దాన్ని కంప్యూటరుకి కలిపి ఏదో సర్దుతోంది. పెద్దకోడలు పక్కన నించుని తెరవైపు చూసింది. నిలువు గీతలు. ఎడమకొసన కిందనే ఉన్నాయి. కుడికి వెళ్ళేకొద్దీ పైకి, పైకి.

"ఏంటమ్మా అవి?"

"మామ్మగారికి సన్న శబ్దాలు పోయాయండీ. పోయిన చోట పెంచుతున్నా. పోనిచోట పెంచక్కర్లేదుగా."

"సన్న శబ్దాలంటే?"

"పిట్ట అరుపు, స్పూను పడ్డ చప్పుడు. ఇంకా, మెల్లిగా మాట్లాడే ఆడవాళ్ళ గొంతు. మాట వినపడుతుంది గానీ ఏమన్నారో తెలియదు. ఎదుటివాళ్ళు గొణుగుతున్నట్టుంటుంది."

పెద్దకోడలు బల్ల అంచు పట్టుకుంది. "ఒక చెవే ఎక్కువ పోతే?"

"ఏ పక్కనించి చప్పుడు వస్తోందో తెలియదండీ. ఎడంపక్క పిలిస్తే కుడిపక్కకి తిరుగుతారు."

"ఇలా మోత కింద పనిచేసేవాళ్ళకి..."

"వాళ్ళకే ఎక్కువ. పోయింది మళ్ళీ రాదు. ఉన్నది పోకుండా చూసుకోవడమే."

తిరుగు బస్సులో అత్తగారు చెవిమిషను మహిమకి మురిసిపోతోంది. "ఆ కండక్టరు ఎవరినో తిడుతున్నాడే, బాగా తెలుస్తోంది." పెద్దకోడలు ఊకొడుతోంది గానీ, మనసంతా ఎక్కడో ఉంది. నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడకు. చెప్పేదేదో తిన్నగా చెప్పు. అన్నం దగ్గర ఎప్పుడూ ఆమెని తన కుడిపక్కనే కూచోమనేవాడు. కుక్కరు కూత వేస్తున్నా పక్కనే నించుని పేపరు చదివేవాడు. చెవులు పోతున్నాయని ఎవరికీ చెప్పలేదు. పాటలే మొద్దుబారాయనుకున్నాడేమో, వాటిని మాత్రం బొత్తం బొత్తం పైకి జరుపుకుంటూ నిలబెట్టుకున్నాడు. పాటలు బాగానే వినపడుతుంటే చెవి పోతోందని తనకైనా తెలిసిందో లేదో. యాప్ కప్పిపెట్టేసింది.

ఇంటికొచ్చాక, సాయంత్రం డబ్బా అరమీదికి వచ్చినప్పుడు, మొగుడి యాప్ తీసి మెట్లు మళ్ళీ చూసుకుంది. కళ్ళు తుడుచుకుని, ఎందుకో చిన్నాడి యాప్ కూడా తెరిచింది.

అక్కడ చదును లేదు. కుడికొసన బొత్తాలు లేచి ఉన్నాయి. ఎడమ చెవివైపు కాస్త ఎక్కువ పెట్టి ఉంది. ఇక్కడా మెట్లు లేస్తున్నాయి.

ఆ రాత్రంతా ఆమెకి నిద్రలేదు. మర్నాడు క్యారియరు కడుతూ, "చిన్నాడూ, ఒకసారి చెవులు చూపించుకోరాదూ" అంది.

"ఆసుపత్రికి ఓసారి వెళ్ళొచ్చి డాక్టరమ్మవైపోయావే."

"ఆ గీతలు పైకెందుకు పెట్టావు?"

చిన్నాడు చెప్పులు వేసుకుంటున్నవాడు ఆగాడు. "యాప్ అప్‌డేట్ అయ్యాక సౌండు మొద్దైంది వదినా. వాళ్ళే ఏదో చెడగొట్టారు. అందుకే పెంచా." గబగబా మెట్లు దిగిపోయాడు.

యాప్‌ల మీద నేరం నెట్టెయ్యడం ఎంత తేలికో ఆమెకి అర్థమైంది. అది నిజమే కావచ్చని కూడా ఓ పక్క ఆశ. అందుకే సెలవు రోజున వాడు తలంటుకుంటున్నప్పుడు, ఒకే పాట అన్ని యాప్‌లలోనూ పెట్టి విన్నది. చిన్నాడి యాప్‌లో గీతలన్నీ ఒక్కొక్కటే దించి, చదును చేసి విన్నది. మొద్దుగా ఏం లేదు. మొదటిసారి వాడు వినిపించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, తేటగా. యాప్ చెడిపోలేదు. గీతల్ని మళ్ళీ పైకి ఎత్తకుండా, అలాగే అరమీద పెట్టేసింది.

మర్నాడు సాయంత్రం చిన్నాడు చిరాగ్గా వచ్చాడు. "వదినా, డబ్బా ఎవరు ముట్టుకున్నారు? పాటమీద దుప్పటి కప్పినట్టుంది."

"నేనే."

"ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు. అప్పుడు నువ్వు నాకు వినిపించి, ఇదీ పాటంటే అన్నావే, అలా పెట్టాను."

చిన్నాడు డబ్బావైపు చూసి, వంటింటి గడప మీద కూలబడ్డాడు. చెవుల్లోంచి వైర్లు తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"మీ అన్నవీ ఇలాగే పైకెక్కాయి," అంది ఆమె. ఎప్పుడూ లేనిది, కాస్త గట్టిగానే అంది. "ఆ రోజు ఆయన చెవుల్లో వైర్లు లేవు. ముడివేసి సంచీలో ఉన్నాయి. లారీవాడు అబద్ధం చెప్పలేదు. హారన్ వినపడింది. ఎటునించో తెలియలేదు."

అత్తగారు గుమ్మంలోకి వచ్చి నించుంది. చెవిలో మిషను ఉంది. "ఏంటీ? ఏంటే అంటున్నావు?"

పెద్దకోడలు మొదటినించీ చెప్పింది. సంచీ, ముడి, మెట్లు, ఆసుపత్రిలో అమ్మాయి మాట. అత్తగారు గుమ్మానికి ఆనుకుని చివరిదాకా విన్నది.

"ఈ మాట అప్పుడే చెప్పకుండా ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావా?"

"చెప్పాను అత్తయ్యా. రెండుసార్లు చెప్పాను."

అత్తగారు చిన్నాడివైపు చూసింది. వాడు తల వంచుకుని ఉన్నాడు. కార్ఖానా గేటు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నించున్న రోజు ఆమెకి గుర్తొచ్చిందేమో, మొహం నల్లబడింది. చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. మిషను ఊడదీసి, డబ్బీలో పెట్టి, మూత వేసింది. "ఇది గీపెడుతోంది. నాకేం వినపడలేదు," అని లోపలి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

వంటింట్లో ఇద్దరే మిగిలారు. పొయ్యిమీద పప్పు ఉడుకుతోంది.

"కార్ఖానాలో పైవాళ్ళకి చెప్పెయ్యి," అంది ఆమె.

"చెబితే ప్రెస్సు మీదనించి దింపేస్తారు. వెనక్కి ప్యాకింగుకి పోదామంటే అక్కడ మనుషులే లేరిప్పుడు, మిషనే కడుతోంది. ఇంట్లో కూచోవాలి. ముగ్గురం గోడలకేసి చూస్తూ కూచుందామా?"

"నేనేదైనా పనికి వెళ్తాను."

"అమ్మ నిన్ను వీధి చివరి కొట్టుకే పంపదు, పనికి పంపుతుందా?"

అది నిజమే. ఆమె కిటికీవైపు చూసింది. గోడ ఉన్నచోటే ఉంది.

"చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇస్తారటగా. మెత్తగా, నలిపితే సన్నబడేవి."

"పొట్లాలు పొట్లాలు ఇస్తారు. ఎవరూ పెట్టుకోరు. రేకు అడ్డం పడితే ప్రెస్సు చప్పుడు మారుతుంది వదినా. ఆ చప్పుడు పట్టుకుని టక్కున ఆపాలి. చెవి మూసుకుంటే అది తెలియదు, అచ్చు విరుగుతుంది. మా పనంతా చెవితోనే."

"ఆ చప్పుడు నీకిప్పుడు తెలుస్తోందా?"

చిన్నాడు గడపమీద వేలితో గీతలు గీస్తున్నాడు. "ప్రెస్సు మీద చెయ్యి ఆనించి పెట్టుకుంటున్నా. రేకు అడ్డం పడితే అరచేతికి తెలుస్తుంది. అన్న నేర్పాడు, నేను ప్యాకింగులో ఉన్నప్పుడే. ఇది చెవికన్నా నయంరా అనేవాడు. అదేదో గొప్ప పనితనం అనుకున్నా."

ఆమె వదల్లేదు. "చేత్తోనే చేస్తున్నప్పుడు చెవులు తెరిచిపెట్టి ఏం లాభం? ఉన్నదైనా మిగుల్చుకో."

"పెట్టుకుంటే పక్కవాళ్ళు చూస్తారు. చెవిటివాడే పెట్టుకుంటాడు అని అక్కడో మాట ఉంది. సాయంత్రానికి పైదాకా పోతుంది."

ఇటు నొక్కితే అటు, అటు నొక్కితే ఇటు. ఆమె పప్పు దించింది. చిన్నాడు లేచి డబ్బా ఆమె చేతికిచ్చాడు. "మళ్ళీ ఎలా ఉండేదో అలా పెట్టు వదినా. బస్సులో ఆ కాస్త పాటైనా లేకపోతే పిచ్చెక్కుతుంది."

ఆమె తనే బొత్తాలు జరపడం మొదలుపెట్టింది. వాడు కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఇక్కడ చాలా?"

"ఇంకాస్త."

"ఇప్పుడు?"

"దాని పక్కది. ఇంకాస్త."

"చివరిది ఇక లేదు. పైకి తగిలింది."

"సరే, అయితే అంతే. ఆఁ, ఇప్పుడు పాటలా ఉంది." వాడి మొహం విచ్చుకుంది. ఆమె ఒక వైరు తీసుకుని చెవిలో పెట్టుకుంది. పళ్ళెం మీద గోరు. తీసి వాడికిచ్చేసింది.

మర్నాడు వాడు ఎప్పట్లాగే పనికెళ్ళాడు. సాయంత్రం మాత్రం తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు, చెవుల మీదుగా, ముడి ఎడమ చెంప దగ్గర. అత్తగారు చూసి, "అదేం వేషంరా, పెళ్ళికొడుకులా" అంది.

"రేకు రజను తలలో పడుతోందమ్మా," అన్నాడు చిన్నాడు.

తువ్వాలు ఉతకడానికి తీసుకుంటే మడతలోంచి ఓ బిరడా కింద పడింది. ఒక్కటే. రెండోది సంచీలో, పొట్లంలోనే ఉంది. ఎడమ చెవికే పెట్టుకున్నాడన్నమాట, అదీ తువ్వాలు చాటున. ఆమె దాన్ని తుడిచి, మళ్ళీ సంచీలోనే పెట్టింది. కుడిది కూడా పెట్టుకోమందామా అనుకుంది. ఆ ఒక్కటీ మానేస్తాడేమోనని ఆగిపోయింది.

అప్పట్నించీ రోజూ సాయంత్రం డబ్బా ఛార్జింగుకి రాగానే, కూరగాయలు ముందేసుకోకముందే, ఆ యాప్ తెరిచి గీతలు చూడటం ఆమెకి పనిగా మారింది. చివరిది పైకి తగిలే ఉంది. దాని ముందువాటికి ఇంకా కాస్త జాగా ఉంది. ఆ జాగా తగ్గిందా లేదా అన్నదే ఆమె లోకం. ఎక్కడికి వెళ్ళినా ఆ వేళకి వంటింట్లో ఉండాల్సిందే. ఎక్కడికీ వెళ్ళేది లేదు, అది వేరే సంగతి.

ఓసారి చిన్నాడు చూడనే చూశాడు. "ఏం వదినా, మార్కులు వేస్తున్నావా?"

"నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి."

"పాసేనా?"

ఆమె జవాబు చెప్పింది. ఆమె ఉన్నది వాడికి ఎడంపక్కన, వాడు "ఏంటీ?" అని ముందుకు వంగాడు. ఆమె లేచి వాడి కుడిపక్కకి వెళ్ళి, ఇంకోసారి చెప్పింది.